రెండున్నర మెగాహెర్ట్జ్ పాసంగం

హిందూపురం నుంచి బెంగళూరు వచ్చే రైలు గౌరీబిదనూరు మీదుగా వస్తుంది. ఆ ఊరికి కొంత దూరంలో, పొలాల మధ్య, ఒక రేడియో టెలిస్కోప్ ఉంది. అందరికీ తెలిసిన పెద్ద పళ్లెం ఆకారం కాదు. నేల మీద స్తంభాలు పాతి తీగలు లాగినట్టుండే వెయ్యి యాంటెన్నాల బారు అది. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ల ఇంటికి వెళ్తూ ఆ దారిలో ఎన్నిసార్లు ప్రయాణించానో లెక్క లేదు. అక్కడ ఏం వింటున్నారో తెలిసింది మాత్రం ఎమ్మెస్సీ అయ్యాకే. శర్మిష్ఠ నక్షత్రమండలంలో పేలిపోయిన ఒక నక్షత్రం శకలాలు రేడియో తరంగాలు వెదజల్లుతుంటాయి. మనకూ దానికీ మధ్య ఉన్న పలుచని వాయువులో కార్బన్ పరమాణువులు ఆ తరంగాల్లో కొంత భాగాన్ని మింగేస్తాయి. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర గౌరీబిదనూరు యాంటెన్నాలు పట్టుకున్నది ఆ మింగుడునే. పరమాణువులో ఎలక్ట్రాన్ ఉండగల శక్తి స్థాయిలను మెట్లు అనుకుంటే, ఆ పరమాణువుల్లో ఎలక్ట్రాన్ ఉన్నది 575వ మెట్టు మీద!

ఈ అంకె చదివినప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాను. మెట్టు సంఖ్య వర్గంతో పాటు పరమాణువు వ్యాసార్థం పెరుగుతుంది. మొదటి మెట్టు దగ్గర అది 0.053 నానోమీటర్లు. 575ను వర్గం చేసి గుణిస్తే పదిహేడున్నర మైక్రాన్లు వస్తుంది. అంటే ఆ ఒక్క పరమాణువు అడ్డుకొలత 35 మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో సుమారు సగం. కంటికి కనిపించేంత పరమాణువు! లెక్క తప్పేమోనని మూడుసార్లు వేశాను. తప్పలేదు. ఆ రోజే అనుకున్నాను, పని దొరికితే ఇలాంటి పరమాణువుల మీదే దొరకాలని.

దొరికింది. 2022 ఆగస్టులో ఉత్తర బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థలో ప్రాజెక్టు సహాయకురాలిగా చేరాను. మత్తికెరెలో గది. నాకంటే నాలుగేళ్లు ముందు నుంచి అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న నెల్లూరు అక్క నన్ను తన బల్ల దగ్గర చేర్చుకుంది. మా సర్ కన్నడిగులు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడరు. నాకు అప్పగించిన పని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: రుబీడియం పరమాణువులో ఎలక్ట్రాన్‌ను 30 నుంచి 60 వరకు ఉన్న మెట్లకు ఎక్కించి, ఒక్కొక్క మెట్టు ఎంత ఎత్తులో ఉందో, అంటే అక్కడికి ఎక్కించే కాంతి పౌనఃపున్యం ఎంతో, ఒక మెగాహెర్ట్జ్‌కు అటూ ఇటూగా కొలవాలి. ఆ వాక్యం పూర్తి కావడానికి తొమ్మిది నెలలు పట్టింది. అందులో రెండు నెలలు దేనికి పోయాయో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఎలక్ట్రాన్ కేంద్రకానికి ఇంత దూరంగా తిరిగే పరమాణువులను రిడ్‌బర్గ్ పరమాణువులంటారు. యోహానెస్ రిడ్‌బర్గ్ స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన శాస్త్రవేత్త. సోడియం, పొటాషియం వంటి క్షార లోహాల వర్ణపటాల్లోని గీతలన్నిటినీ ఒకే సూత్రంలో ఇమిడ్చి 1890లో ప్రచురించాడు. హైడ్రోజన్‌కు మెట్టు సంఖ్యను నేరుగా వాడితే సరిపోతుంది. ఈ లోహాలకు మాత్రం ఆ సంఖ్య నుంచి ఒక చిన్న స్థిరాంకాన్ని తీసేయాలి. దాన్నే ఇప్పుడు క్వాంటం డిఫెక్ట్ అంటున్నాం. ఆశ్చర్యమేమంటే, ఎలక్ట్రాన్ ఉందని తేలింది 1897లో. పరమాణువు లోపల ఏముందో ఎవరికీ తెలియని రోజుల్లో, గీతల మధ్య దూరాలను మాత్రమే చూసి ఆయన ఆ స్థిరాంకాన్ని పట్టుకున్నాడు. కక్ష్య ఆకారాన్ని బట్టి మెట్లలో రకాలున్నాయి. రుబీడియంలో ‘ఎస్’ రకం మెట్లకు అది 3.13, ‘డీ’ రకానికి 1.35. నేను తొమ్మిది నెలలు వెతికింది ఈ అంకెల్లో దశాంశ బిందువుకు చాలా కుడివైపున ఉండే స్థానాలను.

ఇంత చేసి ఏం తేలుతుందని ఇంట్లో అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. నేను వాళ్లకు హైడ్రోజన్ కేంద్రకమైన ప్రోటాన్ కథ చెప్పాను.

2010లో స్విట్జర్లాండ్‌లోని పౌల్ షెరర్ సంస్థలో రాండోల్ఫ్ పోల్ బృందం హైడ్రోజన్‌లోని ఎలక్ట్రాన్ స్థానంలో మ్యువాన్ అనే కణాన్ని పెట్టి కొలిచింది. మ్యువాన్ ఎలక్ట్రాన్ కంటే 207 రెట్లు బరువు. అందుకే కేంద్రకానికి దాదాపు రెండు వందల రెట్లు దగ్గరగా తిరుగుతుంది, ప్రోటాన్ ఎంత పెద్దదో దానికి బాగా తెలుస్తుంది. అప్పటిదాకా అందరూ ఒప్పుకున్న ప్రోటాన్ వ్యాసార్థం 0.88 ఫెంటోమీటర్లు. మ్యువాన్ చెప్పింది 0.84. తేడా నాలుగు శాతం. రెండు కొలతల్లో ఏ ఒక్కదాని దోషపరిధితోనూ ఆ తేడా సర్దుకోదు. ఎక్కడో కొలత తప్పి ఉండాలి, లేదా మనకు తెలియని కొత్త బలం ఏదో మ్యువాన్ దగ్గర పనిచేస్తూ ఉండాలి. ఏళ్ల తరబడి ఈ ప్రశ్న భౌతిక శాస్త్రాన్ని నిద్రపోనివ్వలేదు.

ఇందులో చిక్కు ఒకటుంది. మామూలు హైడ్రోజన్ వర్ణపటం నుంచి ప్రోటాన్ సైజు తీయాలంటే రిడ్‌బర్గ్ స్థిరాంకం, అంటే ఆయన సూత్రంలో మెట్ల ఎత్తులను నిర్ణయించే అంకె, కచ్చితంగా తెలియాలి. మీటరుకు 10973731.568 అని దశాంశాలతో సహా చెబుతాం కదా, ఆ అంకె వచ్చింది కూడా అదే హైడ్రోజన్ గీతల నుంచే. రెండు తెలియని రాశులు ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకుని నిలబడ్డాయి. ఒకటి కాస్త జరిగితే రెండోదీ జరుగుతుంది. విడదీయాలంటే ప్రోటాన్ సైజుతో సంబంధమే లేని పరమాణువు కావాలి. అలాంటిది రిడ్‌బర్గ్ పరమాణువే. ఎలక్ట్రాన్ దూరపు మెట్ల మీద, కేంద్రకం జోలికి పోని కక్ష్యలో ఉంటే ప్రోటాన్ చిన్నదైనా పెద్దదైనా దానికి ఒకటే. 2024లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్‌లో హైడ్రోజన్‌ను 20, 24 మెట్లకు ఎక్కించి, కావాలనే విద్యుత్ క్షేత్రం పెట్టి కొలిచిన ఫలితం వచ్చింది. అదీ చిన్న ప్రోటాన్ వైపే మొగ్గింది.

మా రుబీడియం ఆ తగువు తీర్చలేదు. దానిలో 37 ఎలక్ట్రాన్లు, లోపలి గుంపు ఏం చేస్తుందో సిద్ధాంతం అంత కచ్చితంగా చెప్పలేదు. కానీ మెట్లు కొలిచే విద్య ఒకటే, మోసపోయే దారులూ అవే.

బల్ల మీద ఏముండేదో చెబుతాను. చూపుడు వేలంత గాజు సెల్. లోపల గాలి తీసేసి రుబీడియం వేసి మూతి కరిగించి మూసినది. ఒక మూల గాజుకు వెండి మసిలాగా అంటుకుని ఉండేదే లోహం. గది వేడికే దాని ఆవిరి సెల్ అంతా నిండుతుంది. ఒక వైపు నుంచి 780 నానోమీటర్ల ఎర్ర లేజర్, ఎదురు వైపు నుంచి 480 నానోమీటర్ల నీలం లేజర్. ఆ ఎరుపు దాదాపు కంటికి ఆనదు. ఫోను కెమెరాలో చూస్తే తెల్లగా కనిపిస్తుంది. నీలం మాత్రం గాలిలో ధూళి తగిలిన చోటల్లా మెరుస్తూ ఉండేది. ఎరుపు ఎలక్ట్రాన్‌ను మొదటి అంతస్తుకు తీసుకెళ్తే, నీలం అక్కడి నుంచి పై మెట్లకు అందుకుంటుంది. ఒంటరిగా వెళ్లే ఎరుపును రుబీడియం మింగేస్తుంది. నీలం సరిగ్గా ఒక మెట్టుకు శృతి కలిసినప్పుడు మాత్రం ఆవిరి ఎరుపుకు దారి ఇస్తుంది. తెర మీద పల్లంలో సన్నని శిఖరం లేస్తుంది. 2007లో ఇంగ్లండ్‌లోని డరమ్‌లో మొదటిసారి ఇలా గాజు సెల్‌లో గది వేడి మీదున్న ఆవిరిలోనే రిడ్‌బర్గ్ మెట్లను పట్టుకుని చూపించారు. ఆ పద్ధతి వల్లే మాలాంటి చిన్న ప్రయోగశాలలు కూడా ఈ పని చేయగలుగుతున్నాయి.

నవంబరు రెండో వారంలో మొదటి శిఖరం కనిపించింది. అంతకు ముందు పదహారు రోజులు ఏమీ లేదు. అక్క నీలం అద్దాన్ని రవంత తిప్పి, ‘ఇప్పుడు చూడు’ అంది. రెండు శిఖరాలు పక్కపక్కన లేచాయి. ‘డీ’ మెట్లు జంటగా ఉంటాయి. ఆ రెంటి మధ్య దూరం మెట్టు పైకి వెళ్లే కొద్దీ గబగబా తగ్గిపోతుంది. 30వ మెట్టు దగ్గర 455 మెగాహెర్ట్జ్, 50 దగ్గర 93 మాత్రమే. తెర మీద దూరం కొలిచి చూస్తే 129 వచ్చింది. ‘నలభై అయిదు!’ అని ఇద్దరం ఒకేసారి అన్నాం. ఆ రాత్రి గదికి నడిచే వెళ్లాను. బస్సు ఎక్కాలనిపించలేదు.

డిసెంబరు, జనవరి నెలల్లో కొలతలు హాయిగా సాగాయి. రోజుకు రెండు మూడు మెట్లు. ఫిబ్రవరి చివరి వారంలో అచ్చంగా పట్టుకుంది చిక్కు. 45వ మెట్టును పొద్దున కొలిచిన అంకెకూ, రాత్రి ఎనిమిదింటికి కొలిచిన అంకెకూ తేడా రెండున్నర మెగాహెర్ట్జ్. ఒక రోజైతే పొరపాటు అనుకోవచ్చు. వారం రోజులు అదే వరుస. సాయంత్రం ఆరు దాటాక శిఖరం మెల్లగా పక్కకు జరగడం మొదలుపెడుతుంది, ఎనిమిదింటికి ఆగుతుంది, పొద్దున్నకు మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది.

రెండున్నర మెగాహెర్ట్జ్ ఎంతని అడిగితే ఒక పోలిక చెబుతాను. 2017లో మ్యూనిక్ దగ్గర గార్చింగ్‌లో హైడ్రోజన్ మీద చేసిన ప్రయోగంలో, పెద్ద ప్రోటానా చిన్న ప్రోటానా అని తేల్చిన తేడా సుమారు 9 కిలోహెర్ట్జ్. ఆ గీత వెడల్పే 13 మెగాహెర్ట్జ్ ఉంటుంది. అంత లావు గీతకు మధ్యబిందువును అంత సన్నగా గుర్తించారు వాళ్లు. నా గీత అందుకు రెండున్నర వందల రెట్లకు పైగా అటూ ఇటూ ఊగుతోంది.

అనుమానితులకు కొదవ లేదు. రిడ్‌బర్గ్ పరమాణువు చాలా సున్నితమైనది, ఎవరు పిలిచినా పలుకుతుంది. ఎలక్ట్రాన్ అంత దూరాన, అంత పలుచని పట్టుతో ఉంటుంది కనుక పక్కన చిటికెడు విద్యుత్ క్షేత్రం ఉన్నా మెట్టు జరిగిపోతుంది. అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాలు, పక్క పరమాణువులు, అన్నీ దాన్ని కదిలిస్తాయి. చివరికి గది గోడల వెచ్చదనం కూడా. గది వేడికి వచ్చే ఉష్ణ వికిరణం ఈ మెట్లను సుమారు 2.4 కిలోహెర్ట్జ్ పైకి నెడుతుంది. 1984లో లియో హోల్‌బర్గ్, జాన్ హాల్ రుబీడియంలోనే ఆ నెట్టుడును కొలిచారు. గోడ వెచ్చదనాన్ని పరమాణువు మీద కొలవడం! ఆ హాల్ గారికే 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. మా కొలతకు అది చాలా చిన్న సంగతే గానీ, ఈ పనిలో ఎంత దూరం ఆలోచించాలో ఆ వ్యాసం చదివాకే నాకు తెలిసింది.

మొదట లిఫ్టును అనుమానించాను. ప్రయోగశాల గోడ అవతలే లిఫ్టు. దాని ఇనుప బరువులు పైకీ కిందికీ పోతుంటే అయస్కాంత క్షేత్రం మారుతుంది. సాయంత్రం అందరూ ఇళ్లకు వెళ్లే వేళ లిఫ్టు తిరుగుడు ఎక్కువ. మూడు సాయంత్రాలు అయస్కాంత మాపకం సెల్ పక్కన పెట్టి, లిఫ్టు ఎప్పుడు కదిలిందో నోటుపుస్తకంలో రాసుకుంటూ కూర్చున్నాను. క్షేత్రం కదిలింది నిజమే, కానీ శిఖరం దాన్ని పట్టించుకోలేదు. సెల్ చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే మ్యూమెటల్ అనే లోహపు కవచం ఉంది, అది తన పని తాను చేస్తోంది.

తర్వాత నీలం కాంతిని అనుమానించాం. నీలం లేజర్ గాజుకు అంటుకున్న రుబీడియం పొర మీద పడితే ఎలక్ట్రాన్లు రాలతాయి, సెల్ లోపల విద్యుదావేశం పేరుకుంటుంది. రోజంతా లేజర్ వెలుగుతుంది కనుక సాయంత్రానికి ఎక్కువ పేరుకోవచ్చు. ఈ ఊహ అక్కకు బాగా నచ్చింది, నాకూ నచ్చింది. పది రోజులు దాని మీదే పడ్డాం. నీలం తీవ్రతను సగం చేశాం, పావు చేశాం. కిరణాన్ని గాజు గోడకు దూరంగా జరిపాం. ఒకరోజు మధ్యాహ్నం దాకా నీలం వెలిగించకుండా ఉంచాం. శిఖరం ఆరింటికి యథావిధిగా జరిగింది. పరిశోధనలో నచ్చిన ఊహను వదులుకోవడం కంటే కష్టమైన పని నాకు ఇంకొకటి కనిపించలేదు. ప్రతి సాయంత్రం దానికి ఇంకో అవకాశం ఇస్తూ పోయాం.

సర్ ఒకరోజు వచ్చి మా పట్టిక అంతా చూసి ఒకటే అడిగారు, ‘ఇదంతా 45వ మెట్టు మీదే చేశారా?’ అని. అవునన్నాం. ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

ఆ రాత్రి ఆయన ప్రశ్న తలలో తిరుగుతూనే ఉంది. విద్యుత్ క్షేత్రానికి పరమాణువు లొంగే గుణం మెట్టు సంఖ్య ఏడో ఘాతంతో పెరుగుతుంది. 30వ మెట్టును క్షేత్రం ఒక అడుగు జరిపితే అదే క్షేత్రం 60వ మెట్టును వంద అడుగులకు పైగా జరపాలి. మరి 30లో ఎంత జరుగుతోంది? 60లో ఎంత? మేం చూడనే లేదు! మర్నాడు సాయంత్రం 30 మీద కూర్చున్నాం. రెండున్నర. ఆ మర్నాడు 60 మీద. గుండె దడదడలాడుతుండగా ఎనిమిదింటిదాకా చూశాం. రెండున్నరే.

నేను చిన్నప్పుడు బడి అయ్యాక నేరుగా మండీకి వెళ్లేదాన్ని. నాన్న హిందూపురంలో బెల్లం, చింతపండు మండీలో గుమాస్తా. అప్పటికి పెద్ద తక్కెడ ఇంకా వాడుకలోనే ఉండేది. పొద్దున్నే మొదటి బేరానికి ముందు ఖాళీ పళ్లాలు ఎత్తి చూసేవారు. ఒక వైపు రవంత వాలితే రెండో వైపు చిన్న రాయో, ఇనుప ముక్కో కట్టి సరిచేసేవారు. ఆ వాలునే, ఆ వాలుకు కట్టే ముక్కనూ పాసంగం అంటారు. పాసంగం చూడకుండా తూస్తే కిలో బెల్లానికీ అంతే తేడా, పది కిలోలకూ అంతే తేడా. తూకపు రాళ్లే బరువు తక్కువవైతే తేడా సరుకుతో పాటు పెరుగుతుంది. తక్కెడ వాలితే మాత్రం తేడా మారదు. తెర మీద 60వ మెట్టు జరిగి ఆగిన చోటును చూస్తుంటే నోటి వెంట ఆ మాటే వచ్చింది.

‘ఇది పాసంగం అక్కా.’

అక్కకు ఆ మాట తెలియదు. విడమరచి చెప్పాను. పరమాణువులో ఏమీ జరగడం లేదు, జరుగుతున్నది మన కొలబద్ద అని. అక్క కుర్చీ వెనక్కి జరుపుకుని చాలాసేపు తెర వైపే చూసింది. ‘అయితే నెలన్నర నుంచి మనం పరమాణువును నిందిస్తున్నాం’ అంది.

కొలబద్దలు రెండున్నాయి. నీలం లేజర్‌కు కొలమానం ఒక గాజు కుహరం, అంటే రెండు అద్దాల మధ్య కాంతి అటూ ఇటూ తిరిగే ఖాళీ. వేడికి దాదాపు వ్యాకోచించని ప్రత్యేకమైన గాజుతో చేసి, శూన్యపాత్రలో, స్థిరమైన ఉష్ణోగ్రతలో ఉంచినది. ఎర్ర లేజర్‌కు కొలమానం మరో చిన్న రుబీడియం సెల్. అందులోని ఒక గీతకు లేజర్‌ను కట్టి ఉంచుతాం, దాన్ని లాక్ చేయడం అంటాం. కుహరం మారాలంటే గంటల తరబడి మెల్లగా మారాలి, రెండు గంటల్లో మారి పొద్దున్నకు అదే చోటికి తిరిగి రావడం దానికి సహజం కాదు. మిగిలింది ఎరుపు.

ఇక్కడ ఒక లెక్క ఉంది, దాన్ని కనుక్కున్న ఆనందం ఇప్పటికీ తాజాగానే ఉంది. ఆవిరిలో పరమాణువులు అన్ని వేగాలతోనూ పరుగెడుతుంటాయి. ఎరుపు తన చోటు నుంచి కొద్దిగా తప్పితే, ఆ తప్పిన రంగుకు సరిపోయే వేగంతో పోతున్న పరమాణువులను ఎంచుకుంటుంది. వాటికి నీలం ఎదురుగా వస్తుంది కనుక నీలానికి ఆ వేగం వ్యతిరేక దిశలో లెక్కకు వస్తుంది, తరంగదైర్ఘ్యం తక్కువ కావడం వల్ల ఇంకా పెద్దగా వస్తుంది. 780ని 480తో భాగిస్తే 1.625. ఎరుపు ఒక మెగాహెర్ట్జ్ తప్పితే నీలం శిఖరం వ్యతిరేక దిశలో 1.6 మెగాహెర్ట్జ్ తప్పుతుంది. అంటే రెండున్నరకు కారణం ఎరుపే అయితే, ఎరుపు ఒకటిన్నర మెగాహెర్ట్జ్ జరుగుతూ ఉండాలి, అదీ ఎదురు దిక్కుకు.

దీన్ని సూటిగా పరీక్షించవచ్చు. పక్క ప్రయోగశాలలో వాళ్లకూ 780 లేజర్ ఉంది, వేరే సెల్‌కు కట్టినది. వాళ్లను బతిమాలి, వాళ్ల కాంతిని ఒక ఫైబర్‌లో, అంటే కాంతిని మోసే సన్నని గాజు తీగలో, మా గదికి తెచ్చుకున్నాం. రెండు లేజర్లను ఒకే డిటెక్టర్ మీద కలిపితే, వీణ తీగలు రెండు కాస్త తేడాగా మోగినప్పుడు వినిపించే కంపనంలా, రెంటి మధ్య తేడా నేరుగా అంకెలో వస్తుంది. మధ్యాహ్నం మూడు నుంచి కౌంటర్ ముందు కూర్చున్నాం. మూడు, నాలుగు, అయిదు గంటలకు చివరి అంకె తప్ప ఏదీ కదల్లేదు. ఆరు దాటాక కదలడం మొదలైంది. ఎనిమిదింటికి ఒకటిన్నర మెగాహెర్ట్జ్ దగ్గర ఆగింది. దిక్కు కూడా మేం అనుకున్నదే. అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది.

ఆరింటికే ఎందుకన్నది మాత్రం ఇంకా తేలలేదు. అది తేల్చింది వర్క్‌షాపులో పనిచేసే ముళబాగిలు అన్న. కోలారు జిల్లా వైపు చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, ఆయన నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడేవారు. ఏదో బిగింపు పలక ఇవ్వడానికి సాయంత్రం వచ్చి, మా గదిలో నిలబడి, ‘ఏమ్మా, ఇక్కడ ఉక్కగా లేదా?’ అన్నారు. ఆఫీసు వేళలు ముగిశాక భవనం మొత్తానికి ఉన్న చల్లగాలి యంత్రాన్ని తగ్గిస్తారని, చలికాలంలో ఎవరికీ తెలియదని, వేసవిలో బయటపడుతుందని చెప్పారు. ప్రయోగశాలలో విడిగా ఏసీ ఉంది కనుక మేం ఆ సంగతి తలపెట్టనే లేదు. ఉష్ణోగ్రత రికార్డు తీసి చూస్తే సెల్ ఉన్న బల్ల దగ్గర ఏ తేడా లేదు. కానీ ఎర్ర లేజర్ కాంతిని మోసుకొచ్చే ఫైబర్ గది పైకప్పు దగ్గర, కారిడార్ గోడను ఆనుకుని, కేబుళ్ల ట్రేలో వస్తుంది. అక్కడ థర్మామీటర్ పెట్టాం. ఆరు నుంచి ఎనిమిది లోపు రెండు డిగ్రీలు పైకి పోయింది. డిసెంబరు, జనవరిల్లో గీత ఎందుకు బుద్ధిగా నిలబడిందో కూడా దానితోనే అర్థమైంది.

ఫైబర్‌లోకి పంపే కాంతి ధ్రువణ దిశను, అంటే కాంతి తరంగం ఊగే దిశను, ఫైబర్ అక్షంతో సరిగ్గా కలపాలి. మాది ఒకటి రెండు డిగ్రీలు తప్పి ఉంది. ఆ కాస్త తప్పు ఉంటే చాలు, ఫైబర్ వేడెక్కినప్పుడల్లా బయటికి వచ్చే కాంతి ధ్రువణం తిరుగుతుంది. అది లాక్ కోసం కాంతిని సన్నగా వణికించే మాడ్యులేటర్ స్ఫటికంలోకి పోయి, లేని సంకేతాన్ని కొంత కలుపుతుంది. లాక్ సున్నా ఎక్కడుందో లేజర్‌కు తప్పుగా చెబుతుంది. లేజర్ పాపం చెప్పిన చోటే నమ్మకంగా నిలబడుతుంది.

సరిచేయడానికి పట్టింది ఒక్క పూట. ఫైబర్ ముందున్న, ధ్రువణ దిశను తిప్పే అర్ధతరంగ పలకను వేళ్లతో కాకుండా స్క్రూతో, ఫైబర్‌ను అరచేతి వేడితో పట్టుకుని వెచ్చబరుస్తూ, బయటి కాంతి కదలనంత వరకు తిప్పుతూ పోయాను. ఫైబర్ చివర ఒకే ధ్రువణ దిశను పోనిచ్చే పోలరైజర్ అమర్చాం. ముళబాగిలు అన్న ఆ ట్రేలోని ఫైబర్‌కు నురుగు తొడుగు వేసి ఇచ్చారు. ఆ సాయంత్రం ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది గంటలకు నాలుగు కొలతలు తీశాం. నాలుగూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఫిబ్రవరి, మార్చి కొలతల్లో సాయంత్రం అయిదు తర్వాత తీసినవన్నీ కొట్టేశాం. సవరించి వాడుకోవచ్చు కదా అని మొదట నాకు అనిపించింది, తేడా ఎంతో తెలుసు కదా అని. సర్ ఒప్పుకోలేదు. అప్పటి ఉష్ణోగ్రత ట్రే దగ్గర ఎవరూ కొలవలేదు, కొలవని దాన్ని బట్టి సవరణ చేయకూడదన్నారు. ఆయనే సరి. ఏప్రిల్‌లో 30 నుంచి 60 వరకు మళ్లీ మొదటి నుంచి తీశాం. ప్రతి మెట్టుకూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. మధ్యలో ప్రతిరోజూ తెలిసిన దూరం ఒకటి కొలిచి చూసేవాళ్లం. రుబీడియం-87 (రుబీడియంలో బరువైన రకం పరమాణువు) మొదటి అంతస్తులో 267 మెగాహెర్ట్జ్ ఎడంగా ఉన్న రెండు ఉపస్థాయిలు, ఆవిరిలోని వేగాల లెక్క వల్ల మా నీలం అక్షం మీద 167గా కనిపించాలి. అది 167 రాకపోతే ఆ రోజు కొలతలకు కూర్చునేవాళ్లం కాదు. మండీలో ఖాళీ పళ్లాలు ఎత్తి చూసినట్టే అది.

చివరికి అన్ని మెట్లనూ రిడ్‌బర్గ్ 1890 నాటి సూత్రంలో పెట్టి గీత గీస్తే, మెట్లన్నీ ఎక్కడ కలిసిపోతాయో, అంటే ఎలక్ట్రాన్ పూర్తిగా చేజారిపోయే పౌనఃపున్యం ఎంతో వస్తుంది. 2011లో జర్మనీలోని ట్యూబింగెన్ బృందం రుబీడియం-87కు ఇచ్చిన విలువ 1010.029 టెరాహెర్ట్జ్, ఇంకా దాని తర్వాత నాలుగు స్థానాలు. మా అంకె మా దోషపరిధి లోపల దానితో కలిసింది. సిద్ధాంతానికీ కొలతకూ మిగిలిన తేడాలను మెట్ల వారీగా గ్రాఫులో పెట్టాం. చుక్కలు సున్నా గీతకు అటూ ఇటూ ఏ వరుసా లేకుండా చెదిరి ఉన్నాయి. వరుస లేకపోవడం చూసి అంత సంతోషం కలుగుతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

ఆ శనివారం ఇంటికి వెళ్లాను. రైలు గౌరీబిదనూరులో ఆగింది. కిటికీలోంచి యాంటెన్నాలు కనిపించవు, అయినా ఆ వైపే చూస్తూ కూర్చున్నాను. 575వ మెట్టు మీది ఎలక్ట్రాన్‌ను వినడానికి వాళ్లు ఎన్ని పాసంగాలు సరిచేసి ఉంటారో అనుకున్నాను. సోమవారం పొద్దున్నే తిరిగి వచ్చేసరికి అక్క అప్పటికే ట్రే దగ్గర థర్మామీటర్ చూసి పుస్తకంలో రాసి పెట్టింది. నీలాన్ని 65వ మెట్టుకు తిప్పాం.